పచ్చి గోడ పక్కన

నేను ఒక సరుగుడు కర్రను. ఒకప్పుడు పన్నెండు అడుగుల పొడవుండేదాన్ని. ఇప్పుడు ఏడడుగులున్నాను. మిగతా అయిదడుగులూ ఎలా పోయాయో చెప్పాలంటే రాహేలు గురించి చెప్పాలి.

నేను పుట్టింది బాపట్ల దాపున, సముద్రపు ఇసుకలో. సరుగుడు తోటలో మొక్కల్ని ఎంత దగ్గరగా నాటుతారంటే పక్కకు ఒక కొమ్మ చాపడానికి చోటుండదు. వెలుతురు కావాలంటే పైకి పోవడం ఒక్కటే దారి. అందరం పైకే పోయాం. తోట చూడవచ్చినవాళ్ళు "ఎంత నిటారుగా పెరిగాయో!" అని మెచ్చుకునేవారు. వంగడానికి చోటు లేక నిటారుగా పెరిగినవాళ్ళను చూసి మెచ్చుకోవడం మనుషులకు అలవాటు.

అయిదో ఏట నరికారు. లావుపాటివి కాగితం మిల్లుకు పోయాయి. సన్ననివి పందిళ్ళకు పోయాయి. మధ్యరకం వాటిని కలప అడితికి తోలారు. అక్కడ నెల రోజులు నిలబడి ఉన్నాక ఏసోబు మేస్త్రీ వచ్చాడు. పొట్టి మనిషి, మాట నెమ్మది. ఒక్కొక్క కర్రనూ వాలుగా నిలబెట్టి, మొదట్లో పాదం ఆనించి, పై కొసను భుజంతో నెట్టి చూశాడు. వంగినదాన్ని పక్కన పెట్టేశాడు. అలా పన్నెండింటిని ఏరాడు.

"పరంజాకా మేస్త్రీ?" అన్నాడు అడితి యజమాని.

"కాదండీ, గోడలకు. ఊతగా పెడతాను."

"ఊత కావాలా? నీ గోడలేమన్నా ముసలివా?"

"పసివండీ," అన్నాడు ఏసోబు.

యజమాని చాలాసేపు నవ్వాడు. ఏసోబు మాత్రం నవ్వించడానికి అనలేదని కర్రలు మోయడానికి వచ్చిన ఆయన భార్య రాహేలుకు తెలుసు. ఆమె తలమీద చుట్టకుదురు సర్దుకుని, నన్ను ముందుగా ఎత్తుకుంది.

ఏసోబు పని తీరు వేరు. ఒక రోజులో గోడను నడుం ఎత్తుకు మించి లేపడు. మిగతా మేస్త్రీలు పొద్దుగూకేలోపు తలెత్తు దాటించేస్తుంటే ఈయన తాపీ కడిగి పక్కన పెట్టేవాడు. కింది వరుసల్లో సిమెంటు మాలు గట్టిపడకుండా పైన బరువు వేయకూడదని ఆయన పట్టుదల. గోడ ఛాతీ ఎత్తు దాటిందంటే రెండు వైపులా మమ్మల్ని వాలుగా ఆనించేవాడు. పై కొస దగ్గర చెక్క, మొదట్లో నేలలోకి దిగ్గొట్టిన మేకు. దూలమో స్లాబో వచ్చి గోడను పట్టుకునేదాకా మేము కదలకూడదు.

ఇంకొక పని చేసేవాడు. గోడ పూర్తయిన రోజున మాలో ఒకరిని గోడ మొదటి నుంచి నేలమీద పడుకోబెట్టి, "గోడ పడుకుంటే తల ఇక్కడి దాకా వస్తుంది," అని, ఆ కొసకు ఇంకో రెండడుగులు కలిపి సున్నంతో గీత గీసేవాడు. ఆ గీత లోపల ఎవరూ కూర్చోకూడదు, అన్నం తినకూడదు, పిల్లల్ని పడుకోబెట్టకూడదు. ఎక్కువసార్లు ఆ పడుకునే కర్ర నేనే. గోడ ఎత్తు తెలుసుకోవడానికి దాని పక్కన పడుకుని చూడటం మంచి పద్ధతి. నిలబడి చూసినప్పుడు తెలియదు.

కొత్తగా కట్టిన గోడను ఏసోబు "పచ్చిది" అనేవాడు. ఆ మాటను ఆయన పచ్చికాయ అన్న అర్థంలో అనలేదు. పచ్చి బాలింత అంటాం చూడండి, అలా. "నిన్న కన్న మనిషిని ఇవాళ గాలిలో నిలబెడతామా? ఇదీ అంతే. చూడటానికి లేచి నిలబడింది. లోపల ఇంకా పచ్చిగానే ఉంది," అనేవాడు.

రాహేలు రెండుసార్లు పచ్చి బాలింత అయింది. వాళ్ళ ఇంట్లో పిల్లలు లేరు. ఆ మాట ఆయన అన్నప్పుడల్లా ఆమె ఇటుకలు అందిస్తూ చేతులవైపే చూసుకునేది. ఆయనకు ఇంకో మాట దొరక్క అనేవాడో, ఆ ఇద్దరి గురించి ఇంకెక్కడా అనలేక అక్కడ అనేవాడో నాకు తెలియదు. నేను గోడకు ఆనుకుని విన్నదాన్ని మాత్రమే.

ఊళ్ళో ఆయనకు చేతికర్ర మేస్త్రీ అని పేరొచ్చింది. మేస్త్రీల్లో అది చిన్న మాట కాదు. తన చేతిమీద తనకు నమ్మకం లేనివాడే గోడకు కర్ర పెడతాడని వాళ్ళ లెక్క. ఒకసారి రాహేలు కోపం పట్టలేక అడిగింది.

"ఇన్ని గోడలు కట్టావు. ఒక్కటన్నా పడిందా? మరెందుకు ఈ కర్రలు, ఈ మాటలు పడటం?"

"పడలేదు కదా," అన్నాడు ఆయన. "మరింకేం?"

ఆయన తండ్రి కూడా మేస్త్రీయే. ఒక మధ్యాహ్నం తను కట్టిన గోడ నీడలోనే కూర్చుని అన్నం తింటూ పోయాడు. ఇటుకలు తీసి చూస్తే చేతిలో ముద్ద చేతిలోనే ఉందట. ఏసోబు ఈ సంగతి పెళ్ళయిన కొత్తలో రాహేలుకు ఒకసారి చెప్పాడు. రెండోసారి చెప్పలేదు.

ఎనిమిదేళ్ళు అలా తిరిగాం. ఎన్ని గోడలకు ఆనుకున్నానో గుర్తులేదు. గుర్తుండటానికి ఏమీ జరగలేదు కూడా. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. ఎనిమిదేళ్ళలో ఒక్క ఇంట్లోకీ నేను అడుగు పెట్టలేదు. పైకప్పు పడగానే నన్ను తీసేస్తారు. గృహప్రవేశానికి మామిడాకులు కట్టే వేళకు నేను ఇంకెక్కడో, ఇంకో పచ్చి గోడ పక్కన, తలుపులూ కిటికీలూ లేని చోట వాలి ఉంటాను.

తర్వాత ఏసోబుకు కామెర్లు వచ్చాయి. పసరు మందు తాగాడు. ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్ళాడు. ఆయన్ను సమాధి చేయడానికి మోసుకెళ్ళిన రోజున మేము పన్నెండుమందిమీ ఇంటి పక్క గోడకు ఆనుకుని ఉన్నాం. ఆ గోడ పాతది. దానికి మా అవసరం లేదు.

రెండు నెలలు రాహేలు మమ్మల్ని కదపలేదు. ఒకసారి వంటచెరుకుకు అడగవచ్చినవాళ్ళతో "అవి పనిలో ఉన్నాయి," అంది. వాళ్ళు మా వంక చూసి, ఆమె వంక చూసి, వెళ్ళిపోయారు.

అప్పుడు దానియేలు వచ్చాడు. ఏసోబు తమ్ముడు. తాపీ పట్టడం అన్న దగ్గరే నేర్చుకున్నాడు. అన్నకంటే చెయ్యి చురుకు. సొంతంగా పనివాళ్ళను పెట్టుకుని ఊరి బయట ఒక కల్యాణ మండపం పని ఒప్పుకున్నాడు.

"పనికొస్తావా వదినా? ఇంట్లో ఒక్కదానివే ఎన్నాళ్ళు కూర్చుంటావు?"

"వస్తా. కర్రలు కూడా తెస్తా," అంది రాహేలు.

దానియేలు తల గోక్కున్నాడు. చనిపోయిన అన్న వస్తువులను వద్దనడం బాగుండదు. ట్రాలీ ఆటో తెచ్చి మమ్మల్ని ఎక్కించాడు.

కల్యాణ మండపంలో భోజనాల హాలుకు ఒక గోడ. ఉత్తరం నుంచి దక్షిణానికి నలభై అడుగుల పొడవు, పన్నెండడుగుల ఎత్తు. మధ్యలో అడ్డుగోడ గానీ స్తంభం గానీ లేదు. పడమటి వైపంతా ఖాళీ పొలం. అన్న అయితే నాలుగైదు రోజులు తీసుకునేవాడు. దానియేలు రెండు రోజుల్లో లేపేశాడు. దూరంగా నిలబడి చూసుకుని, "ఎట్టుంది వదినా?" అన్నాడు.

"బాగా వచ్చింది. పచ్చిది," అంది రాహేలు.

ఆమే మమ్మల్ని మోసుకొచ్చి పెట్టించింది. ఆరుగురం తూర్పున, ఆరుగురం పడమట. నన్ను ఆనించే ముందు నేలమీద పడుకోబెట్టి కొలిచి, సున్నం పోస్తూ గీత గీసింది. ఇటుకలు మోసే ఆడవాళ్ళు చుట్టూ చేరి నవ్వారు.

"ఏమే రాహేలూ, ఎవరొస్తున్నారని ముగ్గేస్తన్నావు?" అంది సామ్రాజ్యం. అందరిలోకీ పెద్దది, నోరు కూడా పెద్దదే.

"ఎవరూ రాకూడదనే పెద్దమ్మా."

"అయ్యో, చుట్టాలు రాకూడదని ముగ్గేసేదాన్ని నిన్నే చూశా!"

మూడో రోజు పొద్దున సూపర్‌వైజరు ఫణీంద్ర వచ్చాడు. ముందు వాకిట్లో పోర్టికో స్లాబుకు శుక్రవారం ముహూర్తం పెట్టారట. అద్దెకు చెప్పిన కర్రలు రాలేదట. ముహూర్తం దాటితే మళ్ళీ మంచి రోజు మూఢం పోయాకే.

"ఆ గోడకు వాలి ఊరికే నిలబడ్డాయిగా. రెండు రోజులు ఇటు సర్దండి," అన్నాడు.

ఊరికే నిలబడ్డాయన్న మాట నాకు కొత్త కాదు. చేసే పని కనపడకపోతే ఊరికే ఉన్నట్టే.

దానియేలు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పడమటి వైపు ఆరింటినీ తీసేశారు. తూర్పు వైపు మొదలుపెట్టేటప్పటికి రాహేలు తలమీది గమేళా దించి వచ్చింది.

"ఏంది దానియేలూ ఇది?"

"రెండు రోజులే వదినా. శుక్రవారం స్లాబు అయిపోగానే..."

"స్లాబు పోశాక మూడు వారాలన్నా ఆ కర్రలు తీయకూడదు. ఆ మాత్రం నాకు తెలియదా? శుక్రవారం తెస్తానని ఎవరికి చెప్తన్నావు?"

దానియేలు మేకు పీకబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మీ అన్న ఉంటే తీయనిచ్చేవాడా?"

"అన్న లేడుగా వదినా," అన్నాడు. అనేశాక తనకే బాగా అనిపించినట్టు లేదు. నేల చూశాడు. "గోడ గట్టిగానే ఉంది. నా చేత్తో కట్టా. నామీద ఆమాత్రం నమ్మకం లేదా నీకు?"

అడగకూడని చోట అడిగాడు. ఆమెకు అతని మీద నమ్మకం లేదంటే తన మనిషి నేర్పిన పని మీద లేనట్టే. రాహేలు తూర్పు వైపు మధ్యలో ఉన్న నన్ను పట్టుకుంది.

"ఈ ఒక్కటీ ఉండనీ."

దానియేలు ఉండనిచ్చాడు. మిగతా అయిదుగురినీ మోసుకుపోయారు. నలభై అడుగుల గోడకు నేను ఒక్కదాన్నే మిగిలాను. అడితిలోగానీ తోటలోగానీ నా పక్కన ఇంకొకరు లేకుండా నేనెప్పుడూ లేను. ఒంటరితనం అంటే ఏమిటో ఆ పూట తెలిసింది. చేయాల్సిన పని అంతే ఉండి, చేసేవాళ్ళు లేకపోవడం.

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. వైశాఖ మాసం. పొద్దు పడమటికి తిరగడంతో గోడ నీడ తూర్పున పడింది. అంత స్థలంలో ఎక్కడా చెట్టు లేదు. ఎక్కడో దూరాన సిమెంటు బస్తాల మీద కప్పిన పట్టా తప్ప ఇంకో నీడ లేదు. సామ్రాజ్యం, కోటేశ్వరి, ఇంకో ఆరుగురు ఆడవాళ్ళు క్యారేజీలు తీసుకుని వచ్చి, సున్నపు గీత దాటి, గోడకు వీపులు ఆనించి కూర్చున్నారు. రాహేలు గీత అవతల, ఎండలో నిలబడింది.

"ఇవతలికి రండమ్మా. అక్కడొద్దు."

"ఎండలో మాడమంటావా? నువ్వే రా," అంది కోటేశ్వరి.

"కర్రలు తీసేశారు. గాలి తిరిగింది, చూడండి."

నిజమే. పడమటి గాలి లేచింది. పొలంలోని దుమ్మును చుట్టచుట్టుకుని తెస్తోంది. గోడ అవతల గాలి ఆనుతుంటే నా పై కొసకు తెలుస్తోంది. మనుషులకు ఇంకా తెలియలేదు. గోడ వాళ్ళకు గాలి తగలనివ్వడం లేదు.

"మీ ఆయనకి చాదస్తం, నీకు అంతకంటే," అంది సామ్రాజ్యం, క్యారేజీ విప్పుతూ. అందులో గోంగూర పచ్చడి. ఎర్రగా నూనె తేలుతోంది.

రాహేలు చెప్పాల్సినవన్నీ చెప్పింది. మాలు సంగతి చెప్పింది, ఎత్తు సంగతి చెప్పింది. ఎవరూ లేవలేదు. ఆమె గొంతు పెద్దది కాదు. గదిమే అలవాటు లేదు. అప్పుడు ఏసోబు మాట ఆమె నోట వచ్చింది, ఎప్పుడూ ఆయన అనగా వినడమే గానీ తను బయటికి అనని మాట.

"పెద్దమ్మా, అది పచ్చి బాలింత. మొన్న కన్నది. పురిటింట్లో కూర్చుని అన్నం తింటన్నారేంది మీరు?"

సామ్రాజ్యం చెయ్యి నోటిదాకా వచ్చి ఆగింది. ఆమె పురుడూ మైలా గట్టిగా పాటించే మనిషి. సొంత కోడలు కన్న ఇంట్లో పదకొండు రోజులూ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

"ఛీ! తినే కాడ అదేం మాటే?" అంది. మాట నచ్చలేదు. అయినా ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయింది. విసుక్కుంటూ లేచింది. పెద్దావిడ లేచాక మిగతావాళ్ళూ లేచారు. తిట్టుకుంటూ క్యారేజీలు మూయకుండానే చేతుల్లో పట్టుకుని సిమెంటు పట్టా దగ్గరికి నడిచారు. కోటేశ్వరి నీళ్ళ డబ్బా, సామ్రాజ్యం పచ్చడి గిన్నె గోడ దగ్గరే ఉండిపోయాయి.

కోటేశ్వరి డబ్బా కోసం వెనక్కి తిరిగింది. రాహేలు ఆమె చెయ్యి పట్టుకుంది.

నేను ఆపానని చెప్పుకోను. నలభై అడుగుల గోడను ఒక్క కర్ర ఆపలేదు. బస్సులో పక్కన కూర్చున్న మనిషి నిద్రలోకి జారి మెల్లగా భుజం మీద వాలతాడే, గోడ అలా నామీద వాలింది. నేను ఓర్చుకున్నాను. కాలి దగ్గర మేకు కదిలింది. ఉత్తరం వైపు సగం ముందు పోయింది, తర్వాత దక్షిణం వైపు. నా ఎదురుగా ఉన్న ముక్క చివరిదాకా నిలబడి, నన్ను విరుచుకుని పడింది. ఇటుకలు సున్నపు గీత దాకా వచ్చాయి. ఒకటి రెండు దాటాయి కూడా.

దుమ్ము తగ్గింది. కోటేశ్వరి ఏడవడం మొదలుపెట్టింది. దానియేలు పోర్టికో వైపు నుంచి పరుగెత్తుకొచ్చి, మనుషుల్ని లెక్కపెట్టాడు. ఒకసారి లెక్కపెట్టి నమ్మక రెండోసారి పెట్టాడు. పచ్చడి గిన్నె అప్పడంలా దొరికింది.

అందరూ రాహేలు చేతులు పట్టుకుని దణ్ణం పెట్టారని చెప్పాలని నాకూ ఉంది. మొదటి గంట అలాగే జరిగింది. సాయంత్రానికి మాట మారింది. "తినే వేళ పురుడని అంది. అంటమేంది, పడటమేంది!" అని ఎవరో అన్నారు. మర్నాటికి అది సామ్రాజ్యం నోటికి చేరింది. "మొగుడు పోయిన మనిషి, మంచి మాట నోట రాదు. గోడ నిక్షేపంలా ఉంది, ఆ మాట తగిలే పడింది," అంది. మూడోనాటికి సూపర్‌వైజరు దానియేలుతో ఆ వదినగారిని ఇక తేవద్దన్నాడు. మండపం యజమానికి మాత్రం గాలి ఎక్కువైందని చెప్పాడు. గాలికీ రాహేలు నోటికీ మధ్య తప్పంతా సర్దుబాటైపోయింది. తీసేసిన పదకొండు కర్రల ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆమె మాటకు లేచినవాళ్ళే ఆమె మాటకు గోడ పడిందనడం నాకు మొదట అర్థం కాలేదు. ఇప్పుడు కొంత అర్థమవుతోంది. ఎనిమిది ప్రాణాలు ఒక పచ్చడి ముద్ద దూరంలో మిగిలాయని తలచుకుంటూ రోజూ పనికి రావడం కష్టం. తప్పు ఒక మనిషి మీద పెడితే మర్నాడు ఇంకో గోడ నీడలో కూర్చోవచ్చు.

గోడ పడటంతో శుక్రవారం స్లాబు ఆగిపోయింది. రాహేలు పదకొండు కర్రల్ని పట్టుబట్టి వెనక్కి తెచ్చుకుంది. నన్నూ తెచ్చింది, విరిగిన ముక్క ఇటుకల కింద వదిలేసి. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. సాయంత్రాలు మండే చేతివేళ్ళు మజ్జిగలో ముంచుకుని వాకిట్లో కూర్చునేది. ఎవరూ వచ్చేవారు కాదు. ఆమె కూడా ఎవరింటికీ పోలేదు.

ఇరవై రోజులకు దానియేలు వచ్చాడు. లోపలికి రాలేదు. మా దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ చేత్తో తడుముతూ చాలాసేపు ఉన్నాడు.

"ఏం కావాలి?" అంది రాహేలు.

"కర్రలు."

"స్లాబుకా?"

"గోడకి. మళ్ళీ కడతన్నా. ఇయాల్టికి నడుం ఎత్తు వచ్చింది. ఆపేశా."

రాహేలు మజ్జిగ గిన్నెలోంచి చేతులు తీసి చెంగుకు తుడుచుకుంది.

"కర్రలొక్కటే వచ్చి ఏం లాభం? ఇంకో ముహూర్తం వస్తే మళ్ళీ పీక్కుపోతావు."

"పీకను వదినా."

"నువ్వు పీకవు. నీచేత పీకిస్తారు."

"మరేం చేద్దామంటావు?" అన్నాడు.

"నేనొస్తా. ఎప్పుడు తీయాలో నేను చెప్తా. ఆలోపు ఎవరు చెయ్యేసినా ఆ పూటే కర్రలన్నీ బండికెత్తుకుని ఇంటికొస్తా. నువ్వు బతిమాలినా ఆగను. నీకు ఇష్టమైతే చెప్పు."

"ఫణీంద్ర ఒప్పుకోడు."

"మేస్త్రీవి నువ్వా, ఫణీంద్రా?"

దానియేలు ఒక కర్ర కొసను భుజంతో నెట్టి చూశాడు. "సామ్రాజ్యం పెద్దమ్మ వాళ్ళు గొణుగుతారు," అన్నాడు చివరికి.

"గొణగనీ. గీత అవతల కూర్చుని గొణగమను."

అతనికి నవ్వొచ్చింది. వెంటనే ఇంకేదో కూడా వచ్చినట్టుంది, మొహం పక్కకు తిప్పుకున్నాడు. "పొద్దున్నే బండి తెస్తా వదినా," అని వెళ్ళిపోయాడు. తప్పయిందన్న మాట అనలేదు. ఆమె అడగలేదు.

మర్నాడు పదకొండుమందినీ బండికెత్తారు. దానియేలు నా మీద చెయ్యి వేస్తే రాహేలు "అది పొట్టిదయింది, అందదు," అంది. బండి కదిలింది. ఆమె డ్రైవరు పక్కన కూర్చుంది, ఒడిలో సున్నం పొట్లంతో. పుట్టిన నాటి నుంచి నాకు తోడున్నవాళ్ళు మలుపు తిరిగారు. ఇంటి పక్క గోడకు నేనొక్కదాన్నే మిగిలాను.

తర్వాత ఆమె నన్ను వాకిట్లో పాతి, నా తలకు తాడు కట్టింది. బట్టలు ఆరేస్తుంది. ఎప్పుడూ ఒక్క మనిషి బట్టలే. పగలంతా వాకిట్లో నేనూ, ఆ తాడూ. ఊరి బయట ఆ గోడ ఎంత ఎత్తు లేచిందో, గాలి ఎటు వీస్తోందో, నా చోట్లో ఎవరు ఆనుకుని ఉన్నారో తెలియదు. ఇంతకాలం గోడ బరువు నాకు భుజానికి తెలిసేది. ఇప్పుడు ఆమె ముఖం చూసి తెలుసుకోవాలి. అది తేలిక కాదు. మాట తక్కువ మనిషి.

రోజూ పొద్దువాలే వేళకు దారి వంక చూస్తాను. ఆమె వస్తుంది. కాళ్ళు కడుక్కుని, సిమెంటు మరకల చీర ఉతికి, పిండి, తాడు మీద వేస్తుంది. నేను ఆగి వింటాను. ఏ గోడ గురించీ ఒక్క మాట ఉండదు. "పడలేదు కదా, మరింకేం?" అన్న ఏసోబు మాట గుర్తొస్తుంది.

ఇవాళ కూడా వేళకే వచ్చింది. చీర ఆరేసింది. ఏమీ చెప్పలేదు.